సగం డోసు

మా మేనల్లుడికి ఫిట్స్ వచ్చిన రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. లేకపోతే ఇదంతా ఎవరో మత్తు డాక్టర్ ఖాళీగా కూర్చుని అందరికీ పాఠాలు చెబుతున్నట్టు ఉంటుంది.

వాడికి తొమ్మిదేళ్లు, 25 కిలోలు. మూర్ఛ అని తేలి అప్పటికి ఏడాది దాటింది. హాల్లో నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్లతో ఏదో గీసుకుంటున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు, కళ్లు పైకి వెళ్లిపోయాయి, ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని తర్వాత కొట్టుకోవడం మొదలైంది. అక్క వాణ్ని పక్కకి ఒత్తిగిలబెట్టింది, చుట్టూ ఉన్న పెన్సిళ్లు కాలితో అవతలికి తోసేసింది, గోడ గడియారం చూసి టైమ్ పైకి చెప్పింది. న్యూరాలజిస్టు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంది: ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మిడజోలమ్ 5 మిల్లీగ్రాములు ముక్కులో. అంటే ఒక ఎం.ఎల్. సగం ఒక ముక్కులో, సగం రెండో ముక్కులో. సిరంజి, దాని మొనకి తగిలించే స్ప్రే నాజిల్, మందు, అన్నీ ఒకే డబ్బాలో సిద్ధంగా ఉన్నాయి.

మిడజోలమ్‌తో నాకు పదహారేళ్ల పరిచయం. రోజూ చేతిలో ఉండే మందు, నిద్రలో లేపి అడిగినా డోసు చెబుతాను. ఐదు నిమిషాలు కాగానే ఒక ముక్కులో సగం కొట్టాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

"ఏం చూస్తున్నావురా? రెండో ముక్కులో కూడా కొట్టాలి కదా" అంది అక్క.

"ఒక్క నిమిషం ఆగక్కా. ఊపిరి ఆగిపోతుందేమో."

"ఇప్పుడు ఆడుతోందా మరి?"

చూశాను. పెదాలు నీలంగా ఉన్నాయి. నోటి చివర నురగ. ఛాతీ బిగుసుకుపోయి, మధ్యమధ్యలో ఎక్కిళ్లలాంటి చిన్న ఊపిరి. నేను భయపడుతున్నది మందు వల్ల ఊపిరి ఆగుతుందని, వాడి ఊపిరి ఆపుతున్నదేమో కళ్ల ముందు కొట్టుకుంటున్న ఫిట్స్. రెండో సగం ఇచ్చేసరికి ఇంకో రెండు నిమిషాలు పోయాయి. మొత్తం మీద పదకొండు నిమిషాలకి ఆగింది. వాడికి ఏమీ కాలేదు, సాయంత్రానికి లేచి ఆకలేస్తోందన్నాడు. నాకే ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ అరగలేదు.

మిడజోలమ్, లోరజెపామ్, డయాజెపామ్ లాంటి మందుల కుటుంబానికి పేరు బెంజోడయాజెపీన్లు. వీటి గురించి జనంలో, డాక్టర్లలో కూడా, భయం తక్కువేమీ లేదు. కానీ ఆ భయం ఉండాల్సిన చోట ఉండదు, ఉండకూడని చోట గట్టిగా ఉంటుంది. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న మనిషికి సగం డోసు ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడి "చూద్దాం" అంటాం. అదే మనుషులం, నిద్ర పట్టట్లేదన్నవాళ్లకి అదే కుటుంబం మందు నెలల తరబడి రాస్తాం, వెంటిలేటర్ మీదున్న పెద్దాయనకి రోజుల తరబడి డ్రిప్‌లో ఎక్కిస్తాం, అక్కడ ఎవరి చెయ్యీ వణకదు. ఈ వ్యాసంలో నా గొడవంతా ఇదే.

ఫిట్స్ సంగతి ముందు చూద్దాం. 2001లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కోలో అంబులెన్సుల్లో చేసింది. ఆగకుండా ఫిట్స్ వస్తున్న 205 మంది పెద్దవాళ్లకి ఆస్పత్రికి చేరేలోపే లోరజెపామ్, డయాజెపామ్, లేదా ఉత్త మందులేని ద్రవం, ఈ మూడింట్లో ఒకటి నరంలోకి ఇచ్చారు. ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకీ తెలియదు. ఆస్పత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగింది లోరజెపామ్‌తో 59 శాతం మందికి, డయాజెపామ్‌తో 43 శాతం మందికి, మందు లేకుండా 21 శాతం మందికి. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. నన్ను పట్టుకుని కుదిపింది రెండో లెక్క. ఊపిరి ఇబ్బంది, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం లాంటి చిక్కులు మందు అందినవాళ్లలో పది పదకొండు శాతం మందికి వచ్చాయి. మందు అందనివాళ్లలో ఇరవై రెండున్నర శాతం. రెట్టింపు! ఊపిరి ఆగుతుందన్న భయంతో మందు ఆపితే ఇలాంటి చిక్కులు తగ్గకపోగా ఎక్కువమందిలో కనబడ్డాయన్నమాట. మా అక్క ఆ పేపర్ చదవలేదు, వాడి పెదాలు చూసింది అంతే.

దీని వెనకున్న సంగతి తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుంది. మెదడులో గాబా అని ఒక రసాయనం ఉంటుంది, దాని పని నరకణాలని నెమ్మదింపజేయడం. అది వచ్చి కణం మీదున్న తలుపు తడితే తలుపు తెరుచుకుని క్లోరైడ్ లోపలికి పోతుంది, కణం చల్లబడుతుంది. బెంజోడయాజెపీన్ ఆ తలుపుని తనంతట తాను తెరవలేదు. గాబా వచ్చినప్పుడు తలుపు ఇంకా ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తుంది, అంతే. అంతకుముందు రాజ్యమేలిన బార్బిట్యురేట్ల పద్ధతి వేరు: తలుపు తెరిచి ఎక్కువసేపు పట్టుకుంటాయి, డోసు పెరిగితే గాబా లేకపోయినా తెరిచేస్తాయి. అందుకే వాటితో ప్రాణాలు పోయినంత సులువుగా వీటితో పోవు, వేరే ఏమీ కలవకుండా ఇవొక్కటే మింగినవాళ్లు చాలావరకు నిద్రపోయి లేస్తారు. "ఏమీ కలవకుండా" అన్న మాట మీద మళ్లీ వస్తాను.

ఫిట్స్ సాగే కొద్దీ కణం ఆ తలుపుల్ని ఉపరితలం మీద నుంచి లోపలికి లాగేసుకోవడం మొదలుపెడుతుంది. అదే సమయంలో మెదడుని ఎగదోసే వేరే రకం తలుపులు పైకి వస్తాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనబడింది. అంటే ఐదో నిమిషంలో పనిచేసే డోసు ముప్పయ్యో నిమిషంలో అంతే పనిచేస్తుందన్న నమ్మకం లేదు, తట్టడానికి తలుపులే మిగలవు కదా. అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంస్థ 2015లో గీసిన గీతలు కూడా ఇవే: ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే తనంతట తాను ఆగే అవకాశం తగ్గింది కాబట్టి మందు మొదలుపెట్టాలి, ముప్పై నిమిషాలు దాటితే మెదడుకి శాశ్వతమైన నష్టం జరిగే ప్రమాదం మొదలైనట్టు. ఈ రెండు గీతల మధ్య ఉన్నది ఇరవై ఐదు నిమిషాలు. ఇందులో ఫోన్లకి, మెట్లు దిగడానికి, నరం వెతకడానికి ఎంత పోతుందో ఒకసారి లెక్క వేసుకోండి.

నరం వెతకడం అంటే గుర్తొచ్చింది. కొట్టుకుంటున్న చేతికి సూది పెట్టి క్యాన్యులా వేయడం ఎంత కష్టమో వేసినవాళ్లకే తెలుసు. నర్సు మోచెయ్యి పట్టుకుంటుంది, ఇంకొకరు మణికట్టు, మూడోవాళ్లు టేపు చింపుతుంటారు, సరిగ్గా నరంలోకి దిగిందనుకునేసరికి చెయ్యి ఎగిరి రక్తం దుప్పటి మీద. 2012లో వచ్చిన రాంపార్ట్ అనే అధ్యయనం ఈ తంటా అక్కర్లేదని తేల్చింది. దాదాపు 900 మంది మీద చేశారు. కొందరికి తొడ కండరంలో మిడజోలమ్ ఒక్క పోటు, కొందరికి నరంలో లోరజెపామ్. నరంలోకి పడ్డాక లోరజెపామే వేగంగా పనిచేసింది, ఒకటిన్నర నిమిషంలో, మిడజోలమ్‌కి మూడు నిమిషాలు పైనే పట్టింది. కానీ లోరజెపామ్ నరంలోకి పడటానికే సుమారు ఐదు నిమిషాలు, తొడలో పొడవడానికి ఒక నిమిషం. చివరికి ఆస్పత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగినవాళ్లు మిడజోలమ్ వైపు 73 శాతం, లోరజెపామ్ వైపు 63 శాతం. ఊపిరి గొట్టం వేయాల్సి వచ్చినవాళ్లు రెండు వైపులా ఇంచుమించు సమానం. మిడజోలమ్ డోసు ఎంత అనుకున్నారు? 40 కిలోలు పైబడినవాళ్లకి ఒకే దెబ్బకి 10 మిల్లీగ్రాములు. ఎండోస్కోపీకి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టే నా లాంటి వాళ్లకి ఆ అంకె చూస్తే గొంతు తడారిపోతుంది. అందుకే చేతులు తగ్గించి ఇస్తాయి. మొదటి మందుకి లొంగని ఫిట్స్ మీద 2019లో వచ్చిన ఎసెట్ అనే అధ్యయనంలో చేరిన రోగుల వివరాలు తర్వాత తిరగేస్తే, చాలామందికి మొదట అందిన బెంజోడయాజెపీన్ డోసు పుస్తకంలో రాసినదానికంటే తక్కువని తేలింది. పెద్దవాళ్లకి లోరజెపామ్ 4 మిల్లీగ్రాములని రాసి ఉంటే, ఒకటి ఇచ్చి ఆగి, మళ్లీ ఒకటి ఇచ్చి ఆగడం. "మందు పనిచేయలేదు, మొండి ఫిట్స్" అని రాసుకుని పక్క మందుకి పోవడం. పనిచేసేంత ఇచ్చామా అని ఎవరూ అడగరు.

ఒక చిన్న పక్కదారి. మిడజోలమ్ సీసాలో నీళ్లలో కరిగి ఉంటుంది, డయాజెపామ్ కరగదు, దానికి వేరే ద్రావకాలు కావాలి, అందుకే నరంలో మంట పుడుతుంది. సీసాలో ఆమ్లం ఉన్నంతసేపు మిడజోలమ్ అణువులో ఉంగరం లాంటి భాగం విప్పుకుని నీళ్లతో కలిసిపోతుంది. ఒంట్లోకి వెళ్లగానే ఆమ్లం తగ్గి ఆ ఉంగరం మూసుకుంటుంది, కొవ్వులో కరిగే గుణం వస్తుంది, గబగబా మెదడులోకి దూరుతుంది. తొడలో, ముక్కులో, చెంప లోపల, ఎక్కడ పెట్టినా పనిచేయడానికి ఈ కిటుకే ముఖ్యం. డయాజెపామ్‌ని కండరంలో పొడిస్తే ఎప్పుడు ఎంత ఎక్కుతుందో నమ్మకం ఉండదు. పిల్లలకి మలద్వారం నుంచి ఇచ్చేవాళ్లు, ఇప్పటికీ ఇస్తారు, పనిచేస్తుంది కూడా. కానీ 2005లో పిల్లల మీద పోల్చి చూస్తే చెంపలో మిడజోలమ్ 56 శాతం సార్లు ఆపితే అది 27 శాతం సార్లు ఆపింది. పైగా పదిహేనేళ్ల పిల్లకి స్కూల్లో అందరి ముందు బట్టలు విప్పి మందు ఎక్కించడం ఎవరికిష్టం?

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి, లేకపోతే నా వ్యాసం చదివి ఎవరైనా ప్రతి ఫిట్‌కీ సిరంజి పట్టుకుని పరిగెడతారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. పిల్లలకి జ్వరంతో వచ్చేవి కూడా ఎక్కువభాగం అంతే. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తలకి దెబ్బ తగలకుండా చూడటం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, టైమ్ చూడటం, అప్పటికి పని అంతే. మందు ఎప్పుడు, ఎంత అన్నది ఆ మనిషిని చూసే డాక్టరు ముందే రాసివ్వాలి, ఇంటర్నెట్‌లో ఎవడో మత్తు డాక్టర్ రాసిన అంకెలు చూసి కాదు. మొదటిసారి ఫిట్స్ వచ్చినా, మందిచ్చాక కూడా ఆగకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. అన్నట్టు గర్భిణికి బీపీ వల్ల వచ్చే ఫిట్స్‌లో మొదటి మందు ఇది కాదు, మెగ్నీషియం సల్ఫేట్. 1995లో జరిగిన పెద్ద అధ్యయనంలో డయాజెపామ్‌తో పోలిస్తే మెగ్నీషియం ఇచ్చినవాళ్లకి ఫిట్స్ తిరగబెట్టడం సగానికి తగ్గింది. నేను ఈ మందు వకీలుని కాదు మరి.

మత్తు విషయానికి వస్తే, అక్కడ భయం ఉండాలి. ఉండాల్సినంత లేదు.

మిడజోలమ్ 1980ల నడిమిలో బాగా వాడుకలోకి వచ్చినప్పుడు డాక్టర్లకి డయాజెపామ్ చేతి అలవాటు ఉండేది. కొత్త మందు దానికంటే కనీసం రెండింతలు ఘాటు, దాని ప్రభావం పూర్తిగా తెలియడానికి కాస్త ఎక్కువ టైమ్ తీసుకుంటుంది కూడా. రోగి ఇంకా మాట్లాడుతున్నాడని ఇంకొంచెం, ఇంకొంచెం అని ఎక్కించారు. ఎండోస్కోపీ గదుల్లో, పక్కన ఊపిరి చూసే మనిషి లేకుండా, మానిటర్ లేకుండా. ఊపిరి ఆగి మనుషులు పోయారు. తర్వాత లేబుల్ మీద నల్లపెట్టెలో హెచ్చరిక వచ్చింది, పలచటి సీసాలు వచ్చాయి, నెమ్మదిగా రెండు నిమిషాల మీద ఇచ్చి మరో రెండు నిమిషాలు ఆగి చూడమన్న నియమం వచ్చింది. ఆ నియమాన్ని నేను పీజీలో ఉన్నప్పుడు మా మేడమ్ ఇంకో రకంగా నేర్పారు. మందు ఇవ్వగానే సిరంజి ట్రేలో పెట్టేసి రెండు చేతులూ వెనక్కి కట్టుకోమనేవారు. "చేతిలో సిరంజి ఉంటే బొటనవేలు ఊరుకోదు నాయనా" అనేవారు. ఇప్పుడు నా జూనియర్లకి నేనూ అదే చెబుతాను.

ఇందాక "ఏమీ కలవకుండా" అన్నాను కదా. 1990లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. మిడజోలమ్ ఒక్కటే ఇస్తే ఊపిరికి చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. నల్లమందు జాతి నొప్పి మందు ఫెంటానిల్ ఒక్కటే ఇస్తే సగం మందికి ఆక్సిజన్ పడిపోయింది. రెండూ కలిపి ఇస్తే పన్నెండు మందిలో పదకొండు మందికి ఆక్సిజన్ పడిపోయింది, ఆరుగురికి ఊపిరే ఆగింది. వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లు. డెబ్బై దాటిన, గురకపెట్టే, ఊపిరితిత్తులు పాడైన మనిషిని ఆ స్థానంలో ఊహించుకోండి. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు జాతుల మందుల్ని కలిపి వాడటం మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మద్యం కలిసినా అదే కథ. కానీ చిన్న ప్రొసీజర్ల కోసం మత్తు ఇచ్చే చోట్ల రెండూ కలిపే ఇస్తారు, నేనూ ఇస్తాను, నొప్పికి ఒకటి భయానికి ఒకటి కావాలి కాబట్టి. ఇచ్చినప్పుడు రోగి తల దగ్గర వేరే పనేమీ లేని ఒక మనిషి నిలబడాలి, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద నడుస్తుండాలి. వేలికి తగిలించిన క్లిప్పు అంకె 98 చూపిస్తోందని ధీమాగా ఉండకూడదు. ఆక్సిజన్ పెట్టిన మనిషికి ఊపిరి ఆగాక కూడా ఆ అంకె కాసేపు బాగానే ఉంటుంది, ఆలస్యంగా చెప్పే చాడీకోరు అది.

"విరుగుడు ఉంది కదా సార్" అంటారు కొందరు. ఉంది, ఫ్లూమజెనిల్. దాని ప్రభావం గంట లోపే తగ్గిపోతుంది, మత్తు మందు మాత్రం ఇంకా ఒంట్లో ఉంటుంది. లేచి కూర్చుని కబుర్లు చెప్పిన మనిషిని వార్డుకి పంపితే అక్కడ మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు. రోజూ ఈ మాత్రలు వేసుకునే అలవాటున్నవాళ్లకి, మూర్ఛ కోసం వేసుకునేవాళ్లకి ఇస్తే ఏకంగా ఫిట్సే రావచ్చు.

ఐసీయూ సంగతి వేరే బాధ. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, న్యుమోనియాతో వెంటిలేటర్ మీదకి వచ్చారు. ఆరు రోజులు మిడజోలమ్ డ్రిప్. ఎవరూ తప్పు చేశామనుకోలేదు, గొట్టం నోట్లో ఉన్న మనిషి నిద్రపోతూ ఉంటే అందరికీ ప్రశాంతంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకీ అలా పడుకుని ఉండటమే నచ్చుతుంది. డ్రిప్ ఆపాక రెండు రోజులు కళ్లు తెరవలేదు. కిడ్నీలు నెమ్మదిగా ఉన్నాయి, మందు తాలూకు అవశేషాలు బయటికి పోవట్లేదు. కళ్లు తెరిచాక గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులిపారు. దుప్పటి దారాలు పీకుతూ కూర్చున్నారు. కూతురు వచ్చి "నాన్నా, నేను" అంటే మర్యాదగా "కూర్చోండమ్మా" అన్నారు. ఆ అమ్మాయి బయటికి వచ్చి నా ముందు ఏడ్చింది. ఐదో రోజుకి కూతుర్ని పేరు పెట్టి పిలిచారు, కానీ ఆ వారం ఆయనకి అసలు గుర్తు లేదు, ఆమెకి మాత్రం బాగా గుర్తుంటుంది.

జబ్బు వల్ల కూడా అలా అవుతుంది, అంతా మందు మీదకి తోసేయను. కానీ 2009లో డెక్స్‌మెడెటోమిడిన్ అనే వేరే జాతి మత్తుమందుని మిడజోలమ్‌తో పోల్చిన అధ్యయనంలో ఈ మతిభ్రమ మిడజోలమ్ వైపు 77 శాతం మందికి, రెండోవైపు 54 శాతం మందికి వచ్చింది. గొట్టం తీయడం కూడా దాదాపు రెండు రోజులు ఆలస్యమైంది. 2018 నాటి ఐసీయూ మార్గదర్శకాలు వెంటిలేటర్ మీదున్న పెద్దవాళ్లకి బెంజోడయాజెపీన్ల బదులు ప్రొపొఫాల్ గానీ డెక్స్‌మెడెటోమిడిన్ గానీ వాడమని సూచిస్తాయి. వీటికీ వాటి తలనొప్పులు ఉన్నాయి, బీపీ పడిపోతుంది, గుండె వేగం తగ్గిపోతుంది, అందుకని బీపీ నిలవని మనిషికి మిడజోలమే దిక్కయ్యే రోజులూ ఉంటాయి. ఫిట్స్ ఆగని మనిషికి, మద్యం మానేసి వణుకుతో, భ్రమలతో వచ్చిన మనిషికి డ్రిప్ పెట్టాల్సిందే. నా గొడవ అలవాటుగా పెట్టే డ్రిప్‌తోనే. మొన్న పెట్టారు కాబట్టి ఇవాళ కూడా నడుస్తున్న డ్రిప్, "ఇది ఇంకా ఎందుకు?" అని రౌండ్స్‌లో ఎవరూ అడగని డ్రిప్.

ఇక రాత్రిపూట మాత్ర. ఒకావిడ పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్‌కి వచ్చారు. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. ఆపరేషన్ చక్కగా అయింది. మూడో రోజు ఉదయం చెమటలు, వణుకు, గుండెదడ, ఆ తర్వాత మంచం మీదే ఫిట్స్. జీవితంలో ఎప్పుడూ రాలేదు. తలకి స్కాన్ తీశారు, సోడియం చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఆవిడ కోడలు చెవిలో చెప్పినట్టు చెప్పింది, "అత్తయ్య నిద్రకి ఏదో చిన్న మాత్ర వేసుకుంటారండీ, ఎనిమిదేళ్ల నుంచి, రెండేసి". అల్ప్రజోలమ్, ఇదే కుటుంబం మందు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆగిపోయింది. "మందు అంటే జబ్బుకి వేసుకునేది కదా బాబూ, అది నిద్రకి" అన్నారావిడ తర్వాత. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. ఆవిడకి అలా చెప్పింది మా వాళ్లలో ఎవరో ఒకరే కదా.

చూడండి, ఫిట్స్ ఆపే మందు, దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ తెచ్చింది. ఆశ్చర్యమేమీ లేదు. ఎనిమిదేళ్లు రోజూ తలుపు నెడుతూ ఉంటే మెదడు దానికి సర్దుకుని తలుపు బిగువు పెంచుకుంటుంది. నెట్టే చెయ్యి ఒక్కరోజులో మాయమైతే ఏమవుతుంది? మూర్ఛకి రోజూ క్లోబజామ్, క్లోనజెపామ్ వేసుకునేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. కొందరిలో కొన్నాళ్లకి మందు పట్టు సడలుతుంది, అయినా సొంతంగా ఆపేయకూడదు. 2020లో ఎఫ్‌డీఏ ఈ కుటుంబం మొత్తం మీద అలవాటు పడటం, ఆపినప్పుడు వచ్చే చిక్కుల గురించి నల్లపెట్టె హెచ్చరిక పెంచింది. ఆపే దారి కూడా ఉంది. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో మొదలుపెట్టమన్నారు. అంటే నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది. మొదటి చీటీ రాయడానికి మాత్రం అర నిమిషం చాలు.

ఇదంతా చదివి "చూశావా, ఇవి విషం" అనేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు, ఫార్వర్డ్ మెసేజ్‌లు చూస్తూనే ఉన్నాను. ఆ మాట విని మా అక్కలాంటి తల్లి డబ్బాలోంచి సిరంజి తీయడానికి జంకితే ఆ పిల్లాడి గతేంటి? 1957లో లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పాత సామాన్లు సర్దుతుంటే పనికిరాదని పక్కన పెట్టిన ఒక పొడి బయటపడింది, పారేసే బదులు పరీక్షకి పంపారు, అది 1960లో ఈ కుటుంబంలో మొదటి మందు లిబ్రియంగా బజారులోకి వచ్చింది, మూడేళ్లకి వాలియం, అంటే డయాజెపామ్. ఆ పొడిని ఆ రోజు పారేసి ఉంటే మనం ఇంకా బార్బిట్యురేట్ల మీదే బతుకుతుండేవాళ్లం. "ఇది సేఫేనా డాక్టర్?" అని ఎవరైనా నన్ను అడిగితే నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. దేనికి ఇస్తున్నారు, పక్కన ఎవరున్నారు, ఎన్ని రోజులు? తొమ్మిదేళ్ల పిల్లాడికి ఒక్కసారి 5 మిల్లీగ్రాములు, పక్కన తల్లి, ఫోన్లో అంబులెన్సు. దానికి నా జవాబు పూర్తి డోసు.

నాలుగు నెలల తర్వాత వాడికి మళ్లీ పెద్ద ఫిట్ వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. అక్క ఒక్కతే. ఫోన్ వచ్చేసరికి వాళ్లు ఎమర్జెన్సీలో ఉన్నారు, నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు ఆక్సిజన్ మాస్కుతో పక్కకి తిరిగి పడుకుని గురకపెడుతున్నాడు. అలవాటు కొద్దీ ఛాతీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. ఇరవై. డ్యూటీ డాక్టరు కేస్ షీట్ రాస్తూ వాడి ఎడమ చేతి వైపు చూస్తున్నారు. ఏంటా అని నేనూ చూశాను. మోచేతి కింద నీలం బాల్‌పెన్నుతో అక్క రాసింది: "మొదలు 7.37. మిడజోలమ్ 5, రెండు ముక్కులూ, 7.42. ఆగింది 7.46."

"భయం వెయ్యలేదా అక్కా?" అని అడిగాను.

"వేసింది. ఇచ్చాక వేసింది" అంది. తర్వాత చేతిసంచీలోంచి ఖాళీ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం కొత్తది పట్రా. పోయినసారి తెచ్చినదానికి ఎక్స్‌పైరీ రెండు నెలలే ఉంది, ఈసారి చూసి తీసుకో."